తిరుగు రైలు దగ్గర ఆగిపోయిన కథ

వలస మీద తెలుగులో రచనలకు కొదవ లేదు. గుంపు మేస్త్రీ వెంట లారీ ఎక్కిన పాలమూరు కూలీ, ఇంటికి తాళం వేసి బెంగుళూరు దారి పట్టిన అనంతపురం రైతు, పొట్ట చేత పట్టుకొని పోయిన ఉత్తరాంధ్ర కుటుంబం, గల్ఫుకు పోయి శవపేటికలో తిరిగి వచ్చిన కొడుకు - వీరందరూ మన కథల్లోకి, పాటల్లోకి, నవలల్లోకి వచ్చారు. అందుకు మన రచయితలను అభినందించవలసిందే. ఐతే ఈ సాహిత్యంలో అధికభాగం ఒక దిశలోనే నడిచింది. ఊరి నుంచి బయటికి పోయే దారి మనకు బాగా తెలుసు. తిరిగి వచ్చే దారి తెలియదు. అందులోనూ ఒంటరిగా పోయి ఒంటరిగా తిరిగి వచ్చే పిల్లవాడి గురించి మనం రాసింది బహు స్వల్పం. రాసిన చోట కూడా పిల్లవాడు ఇల్లు చేరడంతో కథ ముగిసిపోతుంది. ఆ ముగింపు శిల్పదోషం మాత్రమే కాదనీ, దృక్పథదోషమనీ నా అభిప్రాయం. ఎందుకు అలా అనుకుంటున్నానో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఏ పిల్లల గురించి మాట్లాడుతున్నానో ముందు స్పష్టం చెయ్యాలి. తల్లిదండ్రులతో కలిసి ఇటుకబట్టీకో చెరకు నరకడానికో పోయిన పిల్లల సమస్య వేరు. వాళ్ళ చదువు పోతుంది, బాల్యం పోతుంది. కాని రాత్రి పడుకునేటప్పుడు అమ్మ పక్కనే ఉంటుంది. నేను చెప్పేది అమ్మా నాన్నా వెంట లేకుండా, ఊరివాడో దూరపు బంధువో అయిన దళారి చెయ్యి పట్టుకొని రాష్ట్రాలు దాటిపోయిన పిల్లల గురించి. ఇదెక్కడో జరిగే సంగతి కాదు. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు గాజుల కార్ఖానాల మీద దాడులు చేసినప్పుడు రెండు వందలకు పైగా పిల్లలు బయటపడ్డారు. అందులో అత్యధికులు బీహారు పిల్లలు. గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో కూర్చొని, పొద్దున మొదలుపెట్టి రాత్రి దాకా లక్కగాజుల మీద రాళ్ళు అద్దడం వాళ్ళ పని. నిద్ర కూడా ఆ గదుల్లోనే. చార్మినారు పక్కన లాడ్‌బజారులో ఆ గాజులు తళతళలాడుతుంటాయి. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ కళనూ, దాని మీద న్యాయంగా బతికే వృత్తిదారులనూ నిందించడం నా ఉద్దేశం కాదు. గాజు ఏ ఊరిదో నమోదు చేసుకున్న మనం, ఆ రాళ్ళు అద్దిన చిన్న వేళ్ళు ఏ ఊరివో కూడా తెలుసుకోవాలి గదా అని మాత్రమే అంటున్నాను.

ఆనాటి వార్తలకు ఒక కథనక్రమం ఉంది. దాడి, విడుదల, ఆశ్రయగృహం, తిరుగు రైలు. 2015 నుంచి ఏటా జనవరిలో 'ఆపరేషన్ స్మైల్' పేరుతోనూ, జూలైలో 'ఆపరేషన్ ముస్కాన్' పేరుతోనూ తప్పిపోయిన పిల్లలనూ పని పిల్లలనూ వెతికే కార్యక్రమం జరుగుతున్నది. ఆ పేర్లు రెండింటికీ అర్థం చిరునవ్వే. పత్రికలో పడే ఫొటో కూడా చిరునవ్వుదే. పిల్లలను వెతకడం తప్పనిసరిగా జరగవలసిన పని. ఐతే కథారచయిత ఆ వార్తాక్రమాన్నే తన ఇతివృత్తంగా తీసుకున్నప్పుడు చిక్కు వస్తుంది. అప్పుడు కథానాయకుడు అధికారి అవుతాడు, లేదా మనసున్న పత్రికా విలేఖరి అవుతాడు. పిల్లవాడు కాపాడబడే వస్తువుగా మిగిలిపోతాడు. రైలు కదలడంతో మధ్యతరగతి పాఠకుడి కరుణకు తృప్తి కలుగుతుంది. రైలు ఆగిన చోట ఎవరున్నారో ఎవరూ అడగరు.

అక్కడ అప్పు ఉంది. గయ జిల్లా వంటి చోట్ల ముసహరులు మొదలైన భూమిలేని దళిత కుటుంబాల ఇంటికి దళారి వచ్చినప్పుడు చేతిలో అడ్వాన్సు పెట్టి మాట్లాడతాడు. ఆ డబ్బు రోగానికో పెళ్ళికో పాత బాకీకో ఖర్చయిపోతుంది. పిల్లవాడు మూడు నెలలు పనిచేసి తిరిగి వస్తే, ఇంటి దృష్టిలో అతను విడుదలైనవాడు. దళారి దృష్టిలో బాకీ తీరకుండా వచ్చేసినవాడు. దళారి పరాయివాడు కాడు, అదే వాడలో ఉంటాడు, రోజూ ఎదురుపడతాడు. ఇల్లు అదే, ఆకలి అదే, దళారి అదే అయినప్పుడు పిల్లవాడు మళ్ళీ ఏ రైలెక్కుతాడో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అక్కరలేదు. ఈసారి హైదరాబాదు కాకపోతే జైపూరు, అక్కడా గాజుల పనే.

ఈ సత్యాన్ని మన న్యాయస్థానాలు ఏనాడో గుర్తించాయి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టికి మూలమైన అప్పునే రద్దు చేసింది. 1984లో నీరజా చౌదరి కేసులో సుప్రీంకోర్టు, వెట్టి నుంచి విడిపించిన మనిషికి జీవనాధారం చూపకపోతే విడుదలకు అర్థం లేదనీ, అతడు తిరిగి అదే ఊబిలో పడతాడనీ తేల్చింది. 2016 నాటి కేంద్ర పథకం వెట్టి నుంచి విడిపించిన పిల్లలకు 2 లక్షల రూపాయల సహాయం నిర్ణయించింది. ఐతే దానికి ముందు అధికారి విడుదల పత్రం ఇవ్వాలి. పూర్తి మొత్తం యజమాని నేరం రుజువు కావడంతో ముడిపడి ఉంది. అంటే గయలో ఉన్న పిల్లవాడి భవిష్యత్తు హైదరాబాదులో నడిచే కేసు మీద ఆధారపడుతుంది. ఆ పిల్లవాడు సాక్ష్యం చెప్పడానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా రావాలి, తన యజమాని ముందు నిలబడాలి. 2022లో గాని సుప్రీంకోర్టు ఇలాంటి పిల్లలు తమ సొంత జిల్లా నుంచే వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే విధానాన్ని దేశమంతటా పాటించమని ఆదేశించలేదు. కథకుడికి ఇందులో కథ కనబడకపోతే ఇంకెక్కడ కనబడుతుంది? విడుదల పత్రం అనే ఒక కాగితం రావడం, రాకపోవడం మీద ఒక పసివాడి జీవితం వేలాడడం కంటే గొప్ప సంఘర్షణ ఏముంది?

అప్పు పసివాడి మెడకు ఎలా చుట్టుకుంటుందో తెలుగు కథ చెప్పలేదని కాదు. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' 1960లలోనే చెప్పింది. అప్పల్రాముడి అప్పు ధర్మబద్ధంగా, పదిమంది పెద్దమనుషుల సమక్షంలో, చక్కని వాదోపవాదాల మధ్య తీర్మానమైపోతుంది. ఆ తీర్మానానికి జవాబుగా సీతారాముడు కన్నకొడుకును తన చేతులతో చంపుకుంటాడు. తన తరువాతి తరం ఆ బాకీకి బానిస కాకూడదని అతను ఎంచుకున్న దారి అది. ఆ ముగింపు మీద మన విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ వాదంలోకి నేను పోవడం లేదు. నేను గమనించమంటున్నది ఒక్కటే. అప్పు తీర్చడానికి పిల్లవాణ్ణి జీతానికి పెట్టడం అనే ఆచారానికి 'యజ్ఞం' మృత్యువు ద్వారా సమాధానం చెప్పింది. జీతానికి పోయిన పిల్లవాడు బతికి తిరిగి వచ్చినప్పుడు ఏమిటి సమాధానం అన్న ప్రశ్నను ఆ తరువాత మనం ఎత్తుకోలేదు. రామారావు గారు అప్పును పాత్రగా నిలబెట్టారు. ఆ పాత్రతో బతికి ఉన్న పిల్లవాడి చేత మాట్లాడించడం మన తరానికి మిగిలిన పని.

ఇతర భాషల వైపు చూద్దాం. టాగూరు రాసిన 'అతిథి' కథలో తారాపదుడు ఇల్లు విడిచి నాటక బృందాల వెంట, పడవల వెంట తిరిగే కుర్రవాడు. ఏ బంధమూ అతన్ని పట్టి ఉంచలేదు. అందమైన కథ. కాని ఆ అందం వెనక ఒక ప్రమాదం ఉంది. కొందరు పిల్లలు పుట్టుకతోనే దేశదిమ్మరులు అనే భావానికి అది ఆశ్రయమిస్తుంది. రైల్వే స్టేషనులో పడుకున్న పిల్లవాణ్ణి చూసి 'వాడికి తిరుగుడు అలవాటు' అని మనం తేలిగ్గా అనేస్తాం. అదే టాగూరు 1892 ప్రాంతంలో రాసిన 'ఛుటి'లో విషయాన్ని తలకిందులు చేశాడు. పల్లెటూరి ఫటిక్‌ను చదువు పేరుతో మేనమామ కలకత్తా తీసుకుపోతాడు. అక్కడ అత్తకు అతనొక భారం. ఇంటికి పోతానంటే సెలవులు రానీ అంటారు. జ్వరంతో వానలో బయలుదేరిన పిల్లవాణ్ణి పోలీసులు తిరిగి తెస్తారు. తల్లి వచ్చేసరికి అతనికి శాశ్వతంగా సెలవు దొరుకుతుంది. ఇక్కడ గమనించవలసిన విషయం, తిరిగి పోయే తేదీ పిల్లవాడి చేతిలో లేకపోవడం. పంపినవాళ్ళూ పెద్దలే, పిలిచేవాళ్ళూ పెద్దలే, తేదీ నిర్ణయించేవాళ్ళూ పెద్దలే. ఈనాటి ఆశ్రయగృహంలో రోజులు లెక్కపెట్టుకునే పిల్లవాడి స్థితిని అర్థం చేసుకోదలచిన రచయిత ఈ కథను మళ్ళీ చదవాలి.

ఋత్విక్ ఘటక్ 1950ల చివర తీసిన 'బాడి థేకే పాలియే' చిత్రంలో కాంచన్ అనే పల్లెటూరి కుర్రవాడు తండ్రి దండనకు భయపడి కలకత్తాకు పారిపోతాడు. అక్కడ దేశవిభజన మిగిల్చిన అనాథ జీవితాలను, పూర్వం మేష్టరుగా ఉండి ఇప్పుడు వీధిలో తినుబండారాలు అమ్ముకునే మనిషిని చూస్తాడు. చివరికి ఇంటికి తిరిగి వస్తాడు. నగరం అతనికి పాఠశాల అయింది. ఘటక్ దృష్టిలోని మానవత్వానికి నేను తలవంచుతాను. ఐనా ఒక వర్గసత్యం చెప్పక తప్పదు. కాంచన్ తండ్రి కూడా బడిపంతులే. ఆ ఇంట్లో బెత్తం ఉంది, అన్నమూ ఉంది. పిల్లవాడు పారిపోయింది బెత్తం నుంచి, ఆకలి నుంచి కాదు. అందుకే తండ్రి మనసు మారితే చాలు, తిరుగు ప్రయాణం పూర్తవుతుంది. అన్నం లేని ఇంటికి తిరుగు ప్రయాణం తండ్రి మనసు మారినంత మాత్రాన పూర్తి కాదు.

ఆ రెండో ఇంటి సంగతిని మీరా నాయర్ 'సలాం బాంబే' 1988లో తాకింది. సర్కసులో వదిలిపోయిన కృష్ణ బొంబాయి చేరి టీలు మోస్తాడు. 500 రూపాయలు సంపాదించుకొని గాని ఇంటికి రావద్దని తల్లి చెప్పింది. తిరుగు ప్రయాణానికి ఒక ధర ఉందని సూటిగా చెప్పిన చిత్రం అది. పిల్లవాడు రూపాయి రూపాయి కూడబెడతాడు, అది పోతుంది. ఇల్లు అనేది అతను అందుకోలేని వస్తువుల జాబితాలో చేరిపోతుంది. నటించిన పిల్లల్లో చాలామంది నిజంగా వీధుల్లో బతికినవాళ్ళే. ఆ చిత్రం నుంచే వీధి పిల్లల కోసం 'సలాం బాలక్ ట్రస్టు' పుట్టింది. కళ తన వస్తువు పట్ల బాధ్యత వహించిన సందర్భం గనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. తెర మీద కథను విషాదంతో ముగించి, తెర వెనక పిల్లలను వాళ్ళ మానాన వదిలిపెట్టలేదు.

తిరిగి వచ్చిన పిల్లవాడు అనగానే ఇప్పుడు అందరూ చెప్పే పుస్తకం సరూ బ్రియర్లీ 2013లో ప్రచురించిన ఆత్మకథ. ఖండ్వాకు చెందిన అయిదేళ్ళ పిల్లవాడు 1980లలో రైల్లో నిద్రపోయి కలకత్తాలో తేలాడు. ఆస్ట్రేలియా దంపతులు పెంచుకున్నారు. పాతికేళ్ళ తరువాత కంప్యూటరులో ఉపగ్రహ చిత్రాలు వెతికి సొంత ఊరిని గుర్తుపట్టి తల్లిని కలుసుకున్నాడు. దీని మీద 2016లో 'లయన్' చిత్రం వచ్చింది. లోకం ఉపగ్రహ చిత్రాల మహిమకు ఆశ్చర్యపోయింది. నన్ను ఆలోచింపజేసింది మరో విషయం. ఆ పిల్లవాడు కలకత్తాలో తన వాడ పేరు చెబుతూనే ఉన్నాడు. గణేశ్ తలాయి అనే మాట ఆ పసినోట మరో రకంగా పలికింది. విన్నవాళ్ళకు అర్థం కాలేదు. హిందీ మాటలు బెంగాలీ చెవులకు ఎక్కలేదు. పాతికేళ్ళ ఎడబాటుకు ఒక కారణం ఉచ్చారణ!

భాషతో పనిచేసే మనకు ఇంతకు మించిన హెచ్చరిక ఏం కావాలి? పాతబస్తీలో దొరికిన గయ పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది మగహీ. దర్భంగా నుంచి వచ్చినవాడిది మైథిలి. మన కథల్లో వీళ్ళంతా 'హిందీ పిల్లలు', వచ్చీరాని తెలుగులో నవ్వు పుట్టించే పాత్రలు. అధికారి ముందు కూర్చున్న పిల్లవాడు తన ఊరు చెప్పేటప్పుడు పోలీసు స్టేషను పేరు, తపాలా పేరు చెప్పడు. పెద్ద మర్రిచెట్టు, దాటవలసిన వాగు, మామ టీ కొట్టు చెబుతాడు. అది వినగలిగినవాడే అతన్ని ఇంటికి చేర్చగలుగుతాడు. పిల్లవాడి నోట ఊరు ఎలా పలుకుతుందో పట్టుకోవడం సాహిత్యానికి చేతనైన పని. దాన్ని మనం మాండలికాల విషయంలో గొప్పగా చేశాం. ఇతరుల పిల్లల దగ్గరికి వచ్చేసరికి మన చెవి మొద్దుబారింది.

ఐతే ప్రతి పిల్లవాణ్ణీ ఇంటికి పంపడమే ధర్మమా? ఈ ప్రశ్నను వలేరియా లుయిసెల్లీ అనే మెక్సికన్ రచయిత్రి 2017లో ఆంగ్లంలో ప్రచురించిన చిన్న పుస్తకం మన ముందు పెడుతుంది. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్ దేశాల నుంచి ఒంటరిగా అమెరికా చేరిన పిల్లలకు న్యూయార్కు వలస న్యాయస్థానంలో ఆమె దుబాసీగా పనిచేసింది. పిల్లలను అడగవలసిన 40 ప్రశ్నల పత్రం ఆమెకు ఇచ్చారు. ఆ ప్రశ్నల క్రమాన్నే ఆమె తన పుస్తకానికి నిర్మాణంగా చేసుకుంది. ప్రశ్న వరుసలో ఉంటుంది, పిల్లవాడి జవాబు వరుసలో రాదు. ముక్కలుగా, వెనకా ముందుగా, కొన్నిసార్లు మౌనంగా వస్తుంది. శిల్పం వస్తువు నుంచి పుట్టడం అంటే ఇదే అని విద్యార్థులకు చూపించదగిన ఉదాహరణ. ఆ పిల్లల్లో చాలామంది పారిపోయింది ముఠాల తుపాకుల నుంచి. వాళ్ళకు తిరుగు ప్రయాణం అంటే మృత్యువుకు ఎదురుపోవడం కావచ్చు. కనుక 'ఇల్లు' అనే మాటను మనం పూజామందిరంలో పెట్టకూడదు. అమ్మేసిన తండ్రి, తాగి కొట్టే తండ్రి, చిన్నతనంలోనే పెళ్ళి చెయ్యడానికి కాచుకున్న ఇల్లు మన దగ్గరా ఉన్నాయి.

మన 2015 బాలల న్యాయచట్టం ఈ సంగతిని గుర్తించే నిర్మించబడింది. దొరికిన పిల్లవాణ్ణి 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరు పరచాలి. ఇంటి పరిస్థితులు విచారించాలి. ఆ తరువాతనే సొంత జిల్లా సమితికి అప్పగించాలి. తోడు ఇచ్చి పంపాలి. ఆడపిల్ల అయితే వెంట మహిళా పోలీసు ఉండాలి. తిరిగి చేరిన తరువాత ఇల్లు గడవని కుటుంబాలకు 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనల ప్రకారం నెలకు 4000 రూపాయల ఆర్థిక ఆసరా ఇచ్చే వీలుంది. కాగితం మీద ఇది మంచి క్రమం. ఆచరణలో ఇంటి విచారణ అంటే ఒక ఫోను పిలుపు, ఒక సంతకం కావచ్చు. విచారణకు పోయిన ఉద్యోగి గుడిసె ముందు నిలబడి ఏమి అడిగాడు, తల్లి ఏమి దాచింది, దళారి ఆ సమయంలో ఏ చెట్టు కింద కూర్చొని వింటున్నాడు - ఈ ఒక్క సన్నివేశాన్ని నిజాయితీగా రాయగలిగిన కథ పది నివేదికల పెట్టు.

తల్లి పాత్ర విషయంలో మన రచయితలు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. పిల్లవాణ్ణి పంపిన తల్లిని రాక్షసిగానో కన్నీటి బొమ్మగానో చూపడం తేలిక. ఆమె లెక్క వేసిన మనిషి. ఇంట్లో అయిదు నోళ్ళు, ఒక నోరు తగ్గితే మిగతా నలుగురికి ఎంత వస్తుందో ఆమెకు తెలుసు. తిరిగి వచ్చిన కొడుకును చూసి ఆమెకు కలిగే సంతోషంలో భయం కలిసి ఉంటుంది. ఆ భయాన్ని రాయలేని రచయిత ఆ సంతోషాన్ని కూడా రాయలేడు. పిల్లవాడికీ ఒక గర్వం ఉంటుంది. సంపాదించడానికి పోయినవాడు చేతులూపుకుంటూ వచ్చాడు. రావలసిన కూలి డబ్బు యజమాని దగ్గరే ఉండిపోయింది. తమ్ముళ్ళకు ఏమీ తేలేదు. పోలీసులు పట్టుకొచ్చారు గనుక ఏదో తప్పు చేశాడని ఊరు అనుకుంటుంది. ఈ సిగ్గు అతన్ని మళ్ళీ బయలుదేరదీస్తుంది. జాలితో రాసిన కథల్లో ఈ సిగ్గు కనబడదు, ఎందుకంటే జాలిపడేవాడికి పిల్లవాడి ఆత్మగౌరవం కనబడదు.

ఇక బడి. నేను బడిపంతులును గనుక ఈ ఒక్క విషయం నా వృత్తి నుంచి చెబుతాను. పన్నెండేళ్ళ పిల్లవాడు మూడేళ్ళ తరువాత తిరిగి వస్తే ఏ తరగతిలో కూర్చోవాలి? 2009 విద్యాహక్కు చట్టం వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వమంటుంది. మన తెలుగు నేల మీద దీనికి ముందే ఒక ఆచరణ ఉంది. శాంతా సిన్హా గారి నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ 1990ల తొలినాళ్ళ నుంచి రంగారెడ్డి జిల్లాలో పని మాన్పించిన పిల్లలకు వసతితో కూడిన వారధి శిబిరాలు నడిపింది. పశువులు కాసిన పిల్లలు, వెట్టి జీతాలున్న పిల్లలు కొన్ని నెలలు అక్కడ ఉండి అక్షరాలతో పాటు బాల్యాన్ని కూడా తిరిగి నేర్చుకొని మామూలు బడిలో చేరారు. బడిలో లేని ప్రతి పిల్లా పని పిల్లే అన్నది ఆ ఉద్యమం నిలబెట్టిన సూత్రం. శిబిరం ఎందుకు కావాలో పాఠం చెప్పేవాడికి తెలుస్తుంది. పన్నెండు గంటలు వంగి కూర్చోవడం అలవాటైన పిల్లవాడికి ఆట గంట అంటే ఏమిటో తెలియదు. పిలిస్తే ఉలిక్కిపడతాడు. తనకంటే చిన్నవాళ్ళు చకచకా చదువుతుంటే తల దించుకుంటాడు. లెక్కల్లో మాత్రం గాజుల డజన్లు నోటితో గుణించి చెప్పేస్తాడు! అతనికి రానిదేదో లెక్కబెట్టే ముందు వచ్చినదాన్ని గుర్తించే ఉపాధ్యాయుడు కావాలి. అలాంటి తరగతి గది మన కథల్లో ఎక్కడుంది?

నా వాదానికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, ఇదంతా సంఘసేవా నివేదిక వ్యవహారం గాని సాహిత్య వస్తువు కాదని. విడుదల పత్రాలు, సమితులు, బ్యాంకు ఖాతాలు కథలోకి వస్తే రసం చెడుతుందని కొందరు మిత్రులు అంటారు. కోర్టు కాగితాలు, సారా కేసులు, మేజిస్ట్రేట్ల మాటలు రావిశాస్త్రి గారి చేతిలో ఎంతటి సాహిత్యం అయ్యాయో గుర్తు చేస్తే ఈ అభ్యంతరానికి జవాబు వస్తుంది. కాగితం పేదవాడి జీవితంలో విధి పాత్ర నిర్వహిస్తున్నప్పుడు దాన్ని వదిలేసిన కథే అవాస్తవం.

రెండో అభ్యంతరం మన శిబిరం నుంచే వస్తుంది. భూమి పంపకం లేకుండా, దోపిడీ వ్యవస్థ మారకుండా పిల్లలను ఇంటికి చేర్చడం పుండు మీద పట్టీ వెయ్యడమేనని. ఇందులో సత్యం లేకపోలేదు. తిరిగి వచ్చిన పిల్లవాడికి మళ్ళీ అదే ఆకలి ఎదురవుతుందని నేను పైన చెప్పింది ఆ సత్యమే. కాని వ్యవస్థ ఎక్కడో ఆకాశంలో లేదు. అది ఒక పిల్లవాడి పేర రాసిన అడ్వాన్సులో ఉంది, ఇవ్వకుండా ఆపిన విడుదల పత్రంలో ఉంది, ఎగ్గొట్టిన కూలిలో ఉంది. అప్పు రద్దయిందని చట్టం చెప్పిన మాటను ఒక ముసహరు తల్లి దళారి మొహం మీద చెప్పగలిగిన రోజున వ్యవస్థలో ఒక రాయి కదులుతుంది. వ్యవస్థ మారేదాకా పిల్లవాడు పన్నెండేళ్ళ దగ్గరే ఆగి ఉండడు. అతను రేపు పెద్దవాడవుతాడు, ఎల్లుండి తన తమ్ముణ్ణి తీసుకుపోయే దళారి కూడా కావచ్చు. ఈ పరిణామాన్ని చిత్రించగలిగితే అంతకంటే లోతైన వ్యవస్థా విమర్శ ఏముంటుంది?

మనకు దూరంగా ఉన్న బీహారు సంగతి అనుకునేవారికి మరో ఉదాహరణ చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో, దేశమంతా మూసివేసిన రోజుల్లో, తెలంగాణలో మిరపకాయలు ఏరడానికి ఊరివాళ్ళతో కలిసి వచ్చిన పన్నెండేళ్ళ ఆదివాసీ బాలిక ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూరు జిల్లాకు కాలినడకన బయలుదేరింది. అమ్మానాన్నలు ఊళ్ళోనే ఉన్నారు. అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు చేరువలో ఉండగా ప్రాణం విడిచింది. ఆ పిల్లకు తిరుగు రైలు లేదు, తోడు వచ్చే పోలీసు లేడు, సమితి లేదు. ఆమె ఏరిన మిరపకాయ మన వంటింట్లోకి వచ్చింది. మరుసటి ఏడాది సమీనా మిశ్రా ఆమె నడకను ఆంగ్లంలో పిల్లల బొమ్మల పుస్తకంగా రాసింది. మూసివేతలో తలుపుల వెనక భద్రంగా ఉన్న పట్నం పిల్లలనూ, ఎండలో నడుస్తున్న ఆ పిల్లనూ పక్కపక్కన నిలిపింది. చదివే పిల్లలకు జాలి కాక ప్రశ్న కలిగేలా రాయడం ఆ పుస్తకం సాధించిన విజయం. ఆ బాలిక పనిచేసింది మన చేలల్లో. ఆ పుస్తకం మొదట మన భాషలో రావలసింది.

మన ఆడపిల్లలే కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల పత్తి విత్తన చేలల్లో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దే పనికి అడ్వాన్సుల మీద పోయిన కాలం ఎంతో దూరంలో లేదు. వాళ్ళలో బడికి తిరిగి వచ్చినవాళ్ళు ఉన్నారు, ఇప్పుడు తల్లులైనవాళ్ళు ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చొని వినే ఓపిక ఉంటే తిరిగి రావడం అంటే ఏమిటో వాళ్ళే చెబుతారు. యువ రచయితలకు నా సూచన ఇది. తిరుగు రైలు కదిలేచోట కథ ముగించవద్దు. రైలు దిగిన మరునాటి ఉదయం దగ్గర మొదలుపెట్టండి. ఆ పిల్లవాడు ఎన్నింటికి నిద్ర లేచాడు, మొదట ఎవరు పలకరించారు, దళారి ఎప్పుడు వచ్చాడు, బడి గంట అతనికి వినబడిందా అని అడగండి. జవాబులు నిజాయితీగా రాస్తే చాలు, ముగింపు సంగతి ఆ పిల్లవాడే చూసుకుంటాడు.